రాజును గెలిచిన గిరి... గిరిని గెలిచిన సూరి దొర

బొబ్బిలి పేరు వింటే మనకు 1757 నాటి యుద్ధమే గుర్తొస్తుంది. అది జరిగిన 180 ఏళ్లకు, 1937లో అదే గడ్డ మీద ఇంకో పోటీ జరిగింది. తాండ్ర పాపారాయుడి కథలా దాన్ని బుర్రకథలు నిలబెట్టలేదు. ఈ ప్రాంతపు పాఠ్యపుస్తకాల్లోనూ దానికి చోటు అంతంత మాత్రమే. కానీ మన ప్రజాస్వామ్యం ఎలా వేళ్లూనుకుందో పిల్లలకు చెప్పాల్సివస్తే ఢిల్లీ నుంచి కాదు, బొబ్బిలి నుంచి మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. అక్కడ మొదలైన కథ ఇరవై ఏళ్లకు పొరుగునే ఉన్న పార్వతీపురంలో అనూహ్యమైన మలుపు తిరిగింది. ఓటు ఎవరిది, ప్రతినిధి ఎవరు, రిజర్వేషన్ అంటే ఏమిటి, ఓడిపోయినవాడు ఏం చేయాలి? సివిక్స్ పుస్తకంలో పొడిపొడిగా చదివే ఈ ప్రశ్నలన్నీ ఆ రెండు ఎన్నికల్లో రక్తమాంసాలతో కనిపిస్తాయి.

1937లో ఒకవైపు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు. జస్టిస్ పార్టీ నాయకుడు. 1932 నుంచి, మధ్యలో కొద్దికాలం తప్ప, మద్రాసు ప్రెసిడెన్సీ మంత్రివర్గానికి ఆయనే పెద్ద. ఇటు ఇచ్ఛాపురం దాకా, అటు తమిళ జిల్లాల కొస దాకా విస్తరించిన రాజ్యానికి నాయకుడు, సొంత జమీందారీలో ప్రభువు. రెండోవైపు వరాహగిరి వెంకటగిరి. బరంపురం వకీలు గారి అబ్బాయి. ఐర్లండు వెళ్లి లా చదివి, తిరిగొచ్చాక రైల్వే కార్మికులను కూడగట్టిన మనిషి. కాంగ్రెస్ ఆయన్ను ఏకంగా రాజావారి మీదికే పంపింది.

పోలింగ్ గదిలో అభ్యర్థికో రంగు పెట్టె. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. ఓటరుకు అభ్యర్థి పేరు చదవడం రాకపోయినా ఫరవాలేదు, రంగు గుర్తుంటే చాలు. అందుకే ప్రెసిడెన్సీ అంతటా కాంగ్రెస్ ప్రచారం పసుపు పెట్టె చుట్టూనే తిరిగింది. ఫలితాలు వచ్చేసరికి 215 స్థానాల్లో 159 కాంగ్రెస్‌వి. బొబ్బిలిలో రాజావారు ఓడిపోయారు. తరతరాలుగా కిస్తు చెల్లించే రైతులు, కోటకు దండం పెట్టే చేతులతోనే పసుపు పెట్టెలో చీటీ వేసి వచ్చారు. ఎవరు ఎందులో వేశారో దివాణానికి తెలిసే వీల్లేదు. రహస్య బ్యాలెట్ విలువ ఏమిటో ఆ ఒక్క ఫలితం చెబుతుంది. బహిరంగంగా చేతులెత్తమని ఉంటే ఆ ఎన్నిక అలా జరిగేది కాదు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగాలి. ఆ రోజు ఓటేసింది ఎవరు? 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం ఓటు అందరిదీ కాదు. శిస్తో పన్నో ఫలానా మేరకు కట్టేవాళ్లకు, కొంత చదువుకున్నవాళ్లకు మాత్రమే. బ్రిటిష్ ఇండియా మొత్తం మీద ఓటర్లు సుమారు 3 కోట్లు. వయసొచ్చిన ఆరుగురిలో ఒకరన్నమాట. ఆడవాళ్లకు ఓటు ఉంది కానీ, చాలామందికి అది భర్తకున్న ఆస్తిని బట్టి సంక్రమించింది. పాలేర్లు, కూలీలు, కౌలుకు చేసే నిరుపేదలు, చాలామంది దళితులు ఆ జాబితాలో లేనే లేరు. అంటే బొబ్బిలి రాజాను ఓడించింది రైతు, గుమస్తా, చిన్న వర్తకుడు. వాళ్ల పొలాల్లో నాట్లు వేసిన మనిషికి ఆ పూట చూడ్డం తప్ప చేయగలిగింది లేదు.

సీట్ల పంపకం ఇంకా విడ్డూరం. ఆ 215లో జమీందార్లకు ప్రత్యేకంగా 6 స్థానాలు కేటాయించారు. ప్రెసిడెన్సీలోని కొండజాతులకు, వెనుకబడిన ప్రాంతాలకు కలిపి 1. విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలకు ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’ అని పేరు పెట్టారు. మద్రాసు శాసనసభ చేసిన చట్టం అక్కడ అమలు కావాలంటే గవర్నరు సరే అనాలి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. జమీందార్లకు ఆరు, కొండవాళ్లకు ఒకటి. ఇరవై ఏళ్ల తర్వాత పార్వతీపురంలో జరిగినదాని బరువు తెలియాలంటే ఇవి అవసరం.

గెలిచాక ఏమైంది? రాజాజీ మంత్రివర్గంలో గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం జమీందారీల మీద విచారణ సంఘానికి నాయకత్వం వహించారు. అదే సమయంలో, 1937-38లో, ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన రక్షణ యాత్ర చేశారు. ఎన్.జి. రంగా వంటివాళ్లు దాని వెనుక ఉన్నారు. 1938లో ప్రకాశం సంఘం నివేదిక వచ్చింది. భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలుకు ఏర్పడినవాడే అన్నది దాని సారం. అయితే 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. జమీందారీ రద్దు చట్టం మద్రాసు శాసనసభలో గట్టెక్కేసరికి 1948.

పదకొండేళ్లు. ప్రభుత్వ విధానం ఎలా తయారవుతుందని ఎవరైనా అడిగితే ఈ పదకొండేళ్లనే చూపించవచ్చు. ఎన్నికల్లో ఓ వాగ్దానం, రోడ్డు మీద ఓ యాత్ర, సచివాలయంలో ఓ విచారణ, దాన్ని మూలన పడేసిన ఓ సంక్షోభం, మళ్లీ ఎన్నికలు, చివరికి ఓ చట్టం. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా మిగతావి పనికిరావు. యాత్ర చేసినవాళ్లు ఇంటికెళ్లి ఊరుకుంటే నివేదిక బీరువాలోనే ఉండిపోయేది. నివేదిక లేకుండా యాత్ర మాత్రమే ఉంటే చట్టంలో ఏం రాయాలో ఎవరికీ తెలిసేది కాదు.

ఓటు అందరికీ ఇవ్వాలన్న మాట కొత్తది కాదు. 1919లోనే అంబేడ్కర్ సౌత్‌బరో కమిటీ ముందు నిలబడి అంటరానివారికి ఓటు అర్హతను తగ్గించాలని వాదించారు. 1928 నాటి నెహ్రూ నివేదిక వయోజనులందరికీ ఓటు కోరింది. 1932లో లోథియన్ కమిటీ మాత్రం అది ఆచరణలో అయ్యే పని కాదని తేల్చింది. ఇన్ని కోట్ల మందిని నమోదు చేయడం, అందులో చదువు రానివాళ్లతో ఓటు వేయించడం పాలనాయంత్రాంగం వల్ల కాదన్నది వాళ్ల లెక్క.

రాజ్యాంగ సభ ఆ లెక్కను పక్కన పెట్టేసింది. 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. మతం, కులం, స్త్రీ పురుష భేదంతో ఎవరినీ జాబితా నుంచి తీసేయరాదు. చదువు, ఆస్తి షరతు అసలే లేదు. 325, 326 అధికరణాలు అప్పుడు చెప్పింది ఇదే. రాజ్యాంగ ముసాయిదాకు వెన్నుదన్నుగా నిలిచినవారిలో ఒకరైన నెల్లూరు జిల్లా వాసి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, సామాన్యుడి మీద నిండు నమ్మకంతోనే సభ ఈ నిర్ణయం తీసుకుందని చెప్పారు. 1949 నవంబరు 26న రాజేంద్రప్రసాద్ ఇంకో కోణం ముందుపెట్టారు. ఓటర్ల విషయంలో తనకు దిగులు లేదని, పల్లెల్లోని మనిషికి అక్షరం రాకున్నా ఇంగితం ఉందని అంటూనే, చట్టాలు చేసేవాళ్లకు ఏ అర్హతా పెట్టలేకపోయామే అని బాధపడ్డారు. ఈ రెండో మాట ఈనాటికీ మనల్ని గుచ్చాల్సిందే. మనం ఇప్పటికీ ఓటరు అజ్ఞానం గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం.

ఆ రాజ్యాంగ సభలో బొబ్బిలి రాజా కూడా ఒక సభ్యుడు. 1937లో తనను ఓడించిన ఓటును ఇంటింటికీ పంచిపెట్టిన సభలో ఆయనా కూర్చున్నారు.

జాబితా రాసే పని రాజ్యాంగం పూర్తికాక ముందే మొదలైంది. 1948లోనే రాజ్యాంగ సభ కార్యాలయం నుంచి రాష్ట్రాలకు ఉత్తర్వులు వెళ్లాయి. దేశ విభజనతో కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులకు ఇల్లూ వాకిలీ లేవు. ఇక్కడే ఉండబోతున్నామని వాళ్లు రాసిస్తే చాలు, పేరు ఎక్కించమన్నారు. 1950 జనవరి 25న ఎన్నికల సంఘం ఏర్పడింది. మార్చిలో సుకుమార్ సేన్ దాని తొలి ప్రధానాధికారిగా వచ్చారు. గణితంలో దిట్ట, ఐసీఎస్ అధికారి, పశ్చిమ బెంగాల్ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఆయన ముందున్న ఓటర్లు 17 కోట్ల 30 లక్షలకు పైగా. అందులో నూటికి 85 మందికి చదువు రాదు.

సేన్ తీసుకున్న ఒక నిర్ణయం గురించి తప్పక చెప్పుకోవాలి. ఉత్తరాదిన చాలాచోట్ల ఆడవాళ్లు జాబితాలో తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి తల్లి, ఫలానావాడి భార్య అని రాయించారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదన్నది అక్కడి ఆచారం. సేన్ ఒప్పుకోలేదు. పేరు లేకపోతే ఓటరు లేనట్టేనన్నారు. దాదాపు 8 కోట్ల మహిళా ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు అలా తొలగిపోయాయి. విమర్శలు వచ్చాయి. రావడమే మంచిదని ఆయన అనుకున్నారు. వచ్చే ఎన్నికలకైనా వాళ్లు పేరు చెబుతారని ఆయన ఆశ. ఈ నిర్ణయాన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు, ఒక్క పోలింగులోనైనా 28 లక్షల మంది హక్కు పోయిందన్నది చిన్న విషయం కాదు. అయినా నేను సేన్ వైపే నిలబడతాను. 1935 చట్టంలో స్త్రీకి ఓటు భర్త ఆస్తి నుంచి వచ్చింది. కొత్త జాబితా ఆమెను భర్త పేరు కిందే మళ్లీ రాసుకుంటే, రాజ్యాంగం ఇచ్చింది ఏమిటి?

లోథియన్ కమిటీ అసాధ్యమన్న పనిని సేన్ ఎలా చేశారంటే, చదువురాని మనిషికి తగ్గట్టు యంత్రాంగాన్ని మలిచారు. మనిషిని యంత్రాంగానికి తగ్గట్టు మారమనలేదు. రంగు పెట్టెల స్థానంలో గుర్తులు వచ్చాయి. కాంగ్రెస్‌కు కాడి కట్టిన జోడెడ్లు, కమ్యూనిస్టులకు కంకీ కొడవలి, సోషలిస్టులకు చెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె, జనసంఘ్‌కు దీపం. అన్నీ పల్లెటూరి మనిషి రోజూ చూసేవే. అభ్యర్థికో ఉక్కు పెట్టె, దాని మీద ఆ గుర్తు. దేశమంతటికీ 20 లక్షలకు పైగా పెట్టెలు, 8,200 టన్నుల ఉక్కు. బొంబాయిలో గోద్రెజ్, హైదరాబాద్‌లో ఆల్విన్ వంటి కర్మాగారాలు వీటిని తయారుచేశాయి.

1952 నాటి తొలి ఎన్నికల పోలింగ్ గదిని ఒకసారి ఊహించుకోండి. బల్ల దగ్గర జాబితాలో పేరు చూస్తారు. చూపుడు వేలికి చెరగని సిరా పూస్తారు. ఒకరి ఓటు రెండుసార్లు పడకుండా కనిపెట్టిన ఈ సిరా సీసాలు ఆ ఎన్నికల్లో 3,89,816 ఖర్చయ్యాయి. తర్వాత రూపాయి నోటంత కాగితం చేతికిస్తారు. నాసిక్ ముద్రణాలయంలో అచ్చయిన ఆ కాగితం మీద ఏ అభ్యర్థి పేరూ ఉండదు. దాని మీద ఏ గీతా గీయనక్కరలేదు, ముద్రా వేయనక్కరలేదు. తెర చాటుకు వెళితే పెట్టెలు వరసగా ఉంటాయి. నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి బయటికి రావడమే. కొందరు పెట్టెలో వేయకుండా పైనే పెట్టి వచ్చేశారు. కొన్నిచోట్ల పెట్టెకు పూలు పెట్టి మొక్కారు. అస్సాంలో ఒక తొంభై ఏళ్ల ముసలాయన నెహ్రూకు ఓటేస్తానని వచ్చి, ఇక్కడ నెహ్రూ పోటీలో లేరని తెలిసి ఉసూరుమంటూ తిరిగివెళ్లాడు. నాయకుడు వేరు, ప్రతినిధి వేరు అన్నది ఆ పెద్దాయనకు ఎవరూ చెప్పలేదు. ఈ గందరగోళం ఇప్పటికీ పోలేదు, ఎమ్మెల్యే పేరు తెలియకుండా ముఖ్యమంత్రికి ఓటేసే అలవాటు మనకు ఎక్కువే.

పెట్టెల పద్ధతిలో ఒక లోపం ఉండేది. కాగితం మీద గుర్తేమీ వేయరు కాబట్టి, ఓటరు దాన్ని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని బయటికి తెచ్చి అమ్ముకునే వీలుండేది. ఆ లొసుగును పూడ్చడానికే, అందరి పేర్లూ గుర్తులూ ఒకే కాగితం మీద వేసి ముద్ర కొట్టించే పద్ధతిని 1960 నాటి కేరళ మధ్యంతర ఎన్నికల నుంచి మొదలుపెట్టారు.

మన నేల మీద ఆ తొలి ఎన్నికలు ఏం చేశాయో చూడండి. హైదరాబాద్ రాష్ట్రంలో నాలుగేళ్ల కిందటి దాకా నిజాం పాలన. కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. అక్కడ కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఇంకా ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరిట నిలబడ్డారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి తెచ్చుకున్న ఓట్లు 3,09,162. నెహ్రూకు ఆయన నియోజకవర్గంలో వచ్చినవాటి కంటే ఎక్కువ. తుపాకులు దించి నెలలు గడవకముందే ఆ పల్లెలు ఓటును చేతబట్టాయి. హైదరాబాద్‌లో మొదట వచ్చి ఓటేసిన వాళ్లలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కూడా ఉన్నారు. ఒకనాటి నిజాం ప్రభువుకూ ఒకటే ఓటు, ఆయన బావర్చీకీ ఒకటే ఓటు.

ఓడినవాళ్ల జాబితా కూడా చిన్నది కాదు. రాజ్యాంగ రచనా సంఘం అధ్యక్షుడు అంబేడ్కర్ బొంబాయిలో ఓడిపోయారు. మద్రాసు ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడిపోయారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి సొంత బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు దక్కినవి 152. గిరి మాత్రం పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేశారు. పదవి కంటే మాటకు విలువిచ్చిన మంత్రిగా ఆయనకు అప్పుడు ఎంతో పేరొచ్చింది.

ఆ పేరుతోనే 1957లో పార్వతీపురం నుంచి నిలబడ్డారు.

అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులు. 1952లో లోక్‌సభకు ఇలాంటివి 86 ఉండేవి. ఎస్సీలో ఎస్టీలో ఎక్కువగా ఉన్నచోట రెండు నియోజకవర్గాలంత ప్రాంతాన్ని ఒకటిగా చేసి, ఒక సీటు వాళ్లకు రిజర్వు చేసి, రెండోది జనరల్‌గా ఉంచేవారు. ఓటరుకు రెండు కాగితాలు. రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. పార్వతీపురం అలాంటిదే, ఒక సీటు ఎస్టీలకు. ఆంధ్ర ప్రాంతంలో అసెంబ్లీ ఎన్నికలు 1955లోనే అయిపోయాయి కాబట్టి 1957లో అక్కడి ఓటరు ముందున్నది లోక్‌సభ పోటీ ఒక్కటే.

పోటీలో కాంగ్రెస్ నుంచి గిరి, రిజర్వుడు సీటుకు బిడ్డిక సత్యనారాయణ. ఇంకోవైపు దిప్పల సూరి దొర, ఆయనా గిరిజనుడే. ఓట్లు లెక్కపెట్టారు. సత్యనారాయణకు అందరికంటే ఎక్కువ. తర్వాత సూరి దొర. కొద్ది వందల ఓట్ల తేడాతో గిరి మూడో స్థానం.

ఇప్పుడు రెండు సీట్లూ ఎవరివి? అందరూ అనుకునేదేమిటంటే, గిరిజనుల్లో మొదటివాడికి రిజర్వుడు సీటు, గిరిజనేతరుల్లో మొదటివాడైన గిరికి జనరల్ సీటు అని. రిటర్నింగ్ అధికారి నియమం చూశారు. ముందు రిజర్వుడు సీటును ఆ వర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారితో నింపాలి. మిగతా సీటు, మిగిలిన అభ్యర్థులందరిలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారిది. మిగిలిన అందరిలో ముందున్నది సూరి దొర. దాంతో రెండు సీట్లూ గిరిజనులకే దక్కాయి. మాజీ కేంద్ర మంత్రి, ఒకప్పుడు బొబ్బిలి రాజాను ఓడించిన నాయకుడు, ఇంటిదారి పట్టారు.

గిరి కోర్టుకు వెళ్లారు. వెళ్లడం ఆయన హక్కు. ఆయన వాదనలో రెండు ముఖ్యమైన అంశాలు. ఒకటి, రిజర్వుడు సీటుకని నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారు? రెండు, సూరి దొర అసలు గిరిజనుడు కాదు. మూక దొర తెగలో పుట్టినా, ఆయన కుటుంబం ఏళ్ల తరబడి దస్తావేజుల్లో క్షత్రియులమని రాసుకుంది కదా?

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో తీర్పు వచ్చింది. దస్తావేజులో ఎవరో తనను తాను ఏమని రాసుకున్నారన్న దాన్ని బట్టి కులం మారదని, పుట్టుకతో వచ్చినది అంత తేలిగ్గా పోదని, ఆ పెద్ద కులం ఆయన్ను తమవాడిగా ఒప్పుకున్నట్టు రుజువు కావాలని న్యాయస్థానం అంది. ఇక సీటు సంగతి. రిజర్వేషన్ అంటే ఇంతకు తగ్గకూడదని రాజ్యాంగం ఇచ్చిన హామీ. ఇంతకు మించకూడదని కాదు. జనరల్ సీటు అంటే గిరిజనేతరుల సీటు కాదు, అందరి సీటు. అందరితో పోటీపడి ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న గిరిజనుడిని అక్కడి నుంచి లేవగొట్టే నియమం ఏదీ లేదు. సూరి దొర ఎన్నిక నిలిచింది.

మన దేశంలో ప్రాతినిధ్యం గురించి వచ్చిన తీర్పుల్లో దీనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదనిపిస్తుంది. జమీందార్లకు 6 సీట్లు, కొండజాతులకు 1 అన్న రోజుల నుంచి ఇరవై ఏళ్లకు అదే కొండల నుంచి ఇద్దరు గిరిజనులు ఒకే నియోజకవర్గం తరఫున పార్లమెంటుకు వెళ్లారు. వాళ్లలో ఒకరు కోటా మీద కాదు, ఓట్ల మీద. ఉత్తరాంధ్ర ఓటరు 1937లో రాజును దించాడు, 1957లో రాజును దించిన నాయకుణ్నీ పక్కకు జరిపాడు. రెండుసార్లూ ఎంత పెద్దమనిషి అని చూడలేదు.

గిరి హుందాతనాన్ని కూడా మెచ్చుకోవాలి. ఓడాక జనాన్ని తిట్టలేదు, కోర్టులో ఓడాక కోర్టునూ తిట్టలేదు. 1957లోనే ఉత్తరప్రదేశ్ గవర్నరుగా వెళ్లారు. ఆ తర్వాత కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిని ఓడించారు. ఆ అభ్యర్థి, 1952లో అనంతపురంలో బావమరిది చేతిలో ఓడిన నీలం సంజీవరెడ్డి. సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఒకసారి ఓడితే దారి మూసుకుపోదన్న భరోసా ఉంటేనే ఓడినవాడు ఓటమిని ఒప్పుకుంటాడు. ఎన్నికల మీద నమ్మకానికి పునాది గెలిచినవాడి ఊరేగింపులో ఉండదు, ఓడినవాడి ప్రవర్తనలో ఉంటుంది.

తీర్పు వచ్చిన రెండేళ్లకు, 1961లో, పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవైపోయి ప్రచారం, పాలన కష్టమవుతున్నాయన్నది చెప్పిన కారణం. అందులో నిజముంది. పార్వతీపురం ఫలితం కూడా ఓ కారణమని అప్పటి నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు. 1962 నుంచి ఒక్కో నియోజకవర్గానికి ఒక్కో సభ్యుడే. ఎస్సీ, ఎస్టీ స్థానాలు విడిగా, జనరల్ స్థానాలు విడిగా. పాలనకు ఇది సులువు. కానీ ఒక నష్టం జరిగింది. కొన్ని స్థానాలు వాళ్లవి, మిగతావన్నీ మనవి అన్న గీత జనం మనసుల్లో పడిపోయింది. చట్టంలో అలాంటి గీత లేదు. 1959లో న్యాయస్థానం చెప్పిన మాట ఇప్పటికీ చెల్లుతుంది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి ఏ జనరల్ స్థానం నుంచైనా పోటీ చేయవచ్చు. చేసేందుకు టికెట్ ఇచ్చేవాళ్లే అరుదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఫైజాబాద్ జనరల్ స్థానం నుంచి దళిత అభ్యర్థి అవధేశ్ ప్రసాద్ గెలిస్తే దేశమంతా చెప్పుకుంది. అంత చెప్పుకోవాల్సి రావడమే పరిస్థితి ఎలా ఉందో తెలుపుతోంది.

పార్వతీపురం ఇప్పుడు అరకు లోక్‌సభ నియోజకవర్గంలో భాగం, ఎస్టీలకు రిజర్వు అయిన స్థానం. 2022లో ఏర్పడిన కొత్త జిల్లాకు పార్వతీపురం మన్యం అని పేరు పెట్టారు. ఈ కొండ ప్రాంతాల గిరిజన నాయకులను అరకు, పాడేరు, కురుపాం, సాలూరు వంటి రిజర్వుడు స్థానాలకే పరిమితం చేయడం అన్ని పార్టీలకూ అలవాటైపోయింది. మీ నియోజకవర్గం జనరల్ అయితే, ఈసారి టికెట్ల వేళ మీ పార్టీ నాయకులను ఒక్క మాట అడగండి: ఇక్కడ గిరిజన అభ్యర్థినో దళిత అభ్యర్థినో ఎందుకు నిలబెట్టరు? చట్టం ఒప్పుకోదని ఎవరైనా అంటే, 1959 నాటి సూరి దొర కేసు చదవమని చెప్పండి.